కనిపెట్టినవారూ - కనిపెట్టుకున్నవారూ

"కంప్యూటరు సంగతులు మనకెందుకండీ, అవి పిల్లల వ్యవహారం" అంటూ ఈ పుట తిప్పెయ్యబోయే సోదరీమణులకు ముందే ఒక మనవి. నేను చెప్పబోయే చరిత్ర కంప్యూటరుదే అయినా, అందులో సగం కొట్టుగదిలో డబ్బాల సంగతి, మిగతా సగం కృష్ణ కాలువల సంగతి. ఈ రెంటిలో మనకు తెలియనిదేమీ లేదు. కాబట్టి ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. పొయ్యిమీద పాలుంటే దించి మరీ రండి.

నెల మొదట్లో సరుకుల చీటీ రాయటానికి కూర్చుంటామా, ముందు ఏం చేస్తాం? డబ్బాల మూతలన్నీ తీసి చూస్తాం. కందిపప్పు అడుగంటింది. మినప్పప్పు ఇంకో పదిహేను రోజులొస్తుంది. రవ్వకు పురుగు పట్టింది, పారబొయ్యాలి. పులిహోర కలపాలని వుంటే చింతపండు ఒక్కటి రాస్తే చాలదు. పసుపు, ఇంగువ, ఆవాలు, ఎండుమిరపకాయలు వున్నాయో లేవో చూసుకోవాలి. కొత్త సరుకు వచ్చాక పాతదాన్ని ముందుకు జరిపి, కొత్తదాన్ని వెనక్కి సర్దాలి. ఇంటింటా ఏళ్ళ తరబడి జరిగే పని గనుక దీనికో పేరు వుంటుందని మనం అనుకోం. కంప్యూటరు ప్రపంచంలో మాత్రం దీనికి పెద్ద పేరే వుంది. ప్యాకేజీ మేనేజిమెంటు అంటారు! దీనికోసం పుస్తకాలున్నాయి, సభలున్నాయి, నెల జీతాలున్నాయి. మనకు మాత్రం "ఇంట్లో ఊరికే కూర్చుంటుంది" అన్న మాట వుంది. అదలా వుంచండి.

ప్యాకేజీ అంటే మరేం కాదు, పొట్లం. కంప్యూటరులో ఉత్తరం రాసే సాధనం ఒకటి, లెక్కలు కట్టేది ఒకటి, పాటలు వినిపించేది ఒకటి వుంటాయి గదా. ఒక్కొక్కటీ బోలెడన్ని ఫైళ్ళ గుత్తి. ఆ ఫైళ్ళన్నీ ఒకచోట చేర్చి కట్టి, పైన ఒక చీటీ అంటిస్తే అది పొట్లం. చీటీమీద పొట్లం పేరు, అది ఎన్నో కూర్పు, అది పనిచెయ్యాలంటే ఇంట్లో ఇంకా ఏయే పొట్లాలు వుండాలి, దాన్ని చూసుకునేవారెవరు అనే వివరాలుంటాయి. ఆ ఆఖరి వివరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈ పొట్లాలు పుట్టకముందు రోజులు వేరు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఒక ప్రకటన చేశాడు. సాఫ్ట్‌వేరును కంపెనీలు మూతపెట్టిన గిన్నెలో వంటకంలా అమ్ముతున్నాయి, ఎలా వండారో చెప్పటం లేదు, ఉప్పు ఎక్కువైతే సరిచేసుకునే వీలులేదు. నేను వంటా ఇస్తాను, వండే విధానమూ ఇస్తాను, ఎవరైనా మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అన్నది దాని సారాంశం. ఆ ప్రయత్నానికి గ్నూ అని పేరు పెట్టాడు. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి కంప్యూటరుకు గుండెకాయలాంటి భాగం ఒకటి రాసి అందరికీ ఇచ్చాడు. అదే లినక్స్. రెండూ కలిస్తే ఎవరి సొంతమూ కాని, అందరిదీ అయిన ఆపరేటింగ్ సిస్టం తయారైంది.

బాగానే వుంది గాని, వాళ్ళిచ్చినవి బియ్యం కావు, వడ్లు. ఎవరికి వారు తెచ్చుకుని, దంచుకుని, చెరిగి, రాళ్ళేరుకుని వండుకోవాలి. ఒక సాధనం కావాలంటే దాని మూల పాఠం తెచ్చి, కంప్యూటరు చేత మర పట్టించాలి. మధ్యలో "ఫలానాది లేదు" అని అది మొరాయిస్తుంది. ఆ ఫలానాది తెస్తే "దీనికి మరొకటి కావాలి" అంటుంది. కొత్త కూర్పు వస్తే మళ్ళీ మొదటికే. పాతదాన్ని తీసెయ్యాలంటే దాని ఫైళ్ళు ఎక్కడెక్కడ పడి వున్నాయో ఎవరికీ తెలియదు. ఉమ్మడి కుటుంబంలో పెళ్ళయిపోయిన మర్నాడు ఎవరి గిన్నెలు ఎవరివో తేల్చటంలాంటి వ్యవహారం!

ఈ చిక్కు చూసి విసిగినవాళ్ళలో ఇయాన్ మర్డాక్ ఒకడు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకునే కుర్రవాడు. అప్పట్లో దొరికే లినక్స్ కూర్పుల్లోని తప్పుల్ని దిద్దే నాథుడు లేడని గ్రహించి, 1993 ఆగస్టు 16న తానే ఒక కూర్పు మొదలుపెడుతున్నానని ప్రకటించాడు. ఒక్కడి చేతిమీద కాదు, పదిమంది పంచుకుని చేద్దామన్నాడు. ఒక్కో పొట్లం బాధ్యత ఒక్కొక్కరిది. దానికి పెట్టిన పేరు డెబియన్. ఆ పేరు కథ మీకు నచ్చుతుంది. అప్పటి అతని ప్రియురాలు, తర్వాత భార్య అయిన డెబ్రా పేరులోని మొదటి ముక్కకు తన పేరు ఇయాన్‌ను చేర్చాడు. సీతారాములు, లక్ష్మీనారాయణులు అన్నట్టు ఆవిడ పేరే ముందు! తర్వాత వాళ్ళిద్దరూ విడిపోయారు, 2015 డిసెంబరులో అతనూ చనిపోయాడు. జంట పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

1994లో ఇయాన్ జాక్సన్ అనే మరో ఇయాన్, పొట్లాలు విప్పి సర్దే సాధనాన్ని గట్టిగా తిరగరాశాడు. దాని పేరు డీప్యాకేజీ. ఏ పొట్లంలోంచి ఏ ఫైలు వచ్చిందో అది ఖాతా రాసుకుంటుంది. తీసెయ్యమంటే ఆ ఫైళ్ళే ఏరి తీసేస్తుంది. 1995లో రెడ్ హ్యాట్ కంపెనీవారు ఆర్‌పీఎం అని తమ పద్ధతి తెచ్చారు. అయినా ఒక బాధ మిగిలింది. పొట్లం విప్పబోతే "దీనికి ఇంగువ కావాలమ్మా, లేదు" అని చెప్పి ఆగిపోయేది గాని, వెళ్ళి ఇంగువ తెచ్చేది కాదు. ఆ తెచ్చే పని నేర్చింది ఆప్ట్ అనే సాధనం. 1998లో రూపుదిద్దుకుని, 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరికీ అందింది. పులిహోర అని ఒక్క మాట అంటే చాలు. ఏమేం కావాలో, అవి కావాలంటే ఇంకేం కావాలో అన్నీ లెక్కగట్టి, ఇంట్లో వున్నవి వదిలేసి, లేనివే తెచ్చి, వరసలో సర్దుతుంది. ఆ సాధనం సహాయ పుటలో తనకు మహా గోవు శక్తులున్నాయని రాసి వుంటుంది. దానికి మూ అనే ఆజ్ఞ ఇస్తే తెరమీద అక్షరాలతో గీసిన ఆవు బొమ్మ వస్తుంది. ఎంత చదువుకున్నవాళ్ళకైనా కాస్త చిలిపితనం వుండాలి గదా!

ఆప్ట్‌తో చేసే పనుల్లో రెండు మాటలు తేడాగా తెలుసుకోవాలి. అప్‌డేట్ అంటే కొట్లో ఇవాళ ఏ సరుకులున్నాయో ఆ జాబితా తెప్పించుకోవటం మాత్రమే; ఒక్క గింజ కూడా ఇంటికి రాదు. అప్‌గ్రేడ్ అంటే ఆ జాబితా చూసి, మన ఇంట్లో వున్నవాటికి కొత్త సరుకు తెచ్చి మార్చటం. జాబితా చూసి సంచీ మడిచి పెట్టేస్తే వంట కాదు; జాబితా చూడకుండా కొట్టుకు పరుగెత్తితే మొన్నటి సరుకే చేతికొస్తుంది. ఆ వరసలో రెండూ జరగాలి.

కొత్త సరుకంతా మంచిదేనా అంటారా? కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని కృష్ణా జిల్లా ఇల్లాలికి చెప్పాలా! డెబియన్‌వారికీ అది తెలుసు. వచ్చిన ప్రతి కొత్త పొట్లమూ ముందు సిడ్ అనే వాకిట్లో పడుతుంది. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ అనే బొమ్మల సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లవాడి పేరు అది. అప్పట్లో డెబియన్‌కు పెద్దగా వున్న బ్రూస్ పెరెన్స్ ఆ సినిమా తీసిన పిక్సార్‌లో పనిచేసేవాడు గనుక కూర్పులన్నిటికీ ఆ సినిమా పాత్రల పేర్లే పెట్టారు. సిడ్ వాకిట్లో కొన్నాళ్ళు వుండి, ఎవరూ పేచీ పెట్టకపోతే పొట్లం పరీక్ష గదిలోకి వస్తుంది. అక్కడ మాగి, దాదాపు రెండేళ్ళకొకసారి, స్థిరమైన కూర్పుగా ఇంటింటికీ వెడుతుంది. పాత బియ్యమన్నమాట! 1996లో విడుదలైన కూర్పులో 474 పొట్లాలుండేవి. 2025 ఆగస్టులో వచ్చిన పదమూడో కూర్పులో దాదాపు 70 వేలున్నాయి. ఎంతోమంది ఇళ్ళల్లో వుండే ఉబుంటు కూడా ఈ గాదెలోంచి వెళ్ళిన ధాన్యమే.

ఇన్ని వేల పొట్లాలు ఒక్కచోటినుంచే లోకమంతా తెచ్చుకుంటే ఆ చోటు కిటకిటలాడిపోదూ? ఇక్కడే మన కాలువల సంగతి. కృష్ణమ్మ నీళ్ళు దివిసీమలో పొలానికి రావాలంటే రైతు బెజవాడ వచ్చి బిందెతో ముంచుకుపోడు. ఆర్థర్ కాటన్ దొర ఆలోచనతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో, 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. అక్కడినుంచి ఏలూరు కాలువ, రైవిస్ కాలువ, బందరు కాలువ. అవతలి గట్టున సీతానగరం వైపునుంచి పడమటి డెల్టా కాలువ. ఒక్కచోట ఆగిన నీరు కొమ్మలు కొమ్మలుగా చీలి చివరి మడిదాకా వెడుతుంది. పొట్లాల గిడ్డంగులూ అంతే. అసలు గిడ్డంగికి అచ్చుగుద్దినట్టు ప్రతిరూపాలు దేశదేశాల్లో, విశ్వవిద్యాలయాల్లో, సంస్థల్లో వుంటాయి. వాటిని అద్దాలంటారు. మన కంప్యూటరు దగ్గరలోని అద్దంనుంచి తెచ్చుకుంటుంది. మధ్యలో ఎవరైనా కల్తీ చేస్తే? దానికీ ముద్ర వుంది. 2007 నాటి కూర్పునుంచి ఆప్ట్ తానే గిడ్డంగి ముద్ర సరిచూసుకుంటోంది. నేతి డబ్బామీద ఆగ్‌మార్కు చూసినట్టు, ముద్ర సరిపోకపోతే హెచ్చరిస్తుంది.

ఈ కాలువ మన వూళ్ళదాకా ఎలా వచ్చిందంటే, మొదట్లో నిజంగా తపాలా సంచీలో వచ్చింది. 1990లలో ఇంటర్నెట్ అంటే టెలిఫోను తీగమీద చుక్కలు చుక్కలుగా కారే నీరు. ఆ రోజుల్లో పీసీ క్వెస్ట్ లాంటి ఇంగ్లీషు పత్రికలు లినక్స్‌ను సీడీలో పెట్టి పత్రికతో పాటు ఇచ్చేవి. 2005 నుంచి 2011 దాకా ఉబుంటువారు అడిగినవారికి, అడిగిన దేశానికి, పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపారు. ఇంజనీరింగు కాలేజీలు ఇన్ని వున్న మన డెల్టాలో ఆ కవరు విప్పి మురిసిన పిల్లలు ఇవాళ నలభైలకు దగ్గరపడుతున్నారు. 2007లో మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్‌మీదే ఆధారపడి బాస్ అనే భారతీయ కూర్పు తెచ్చింది. మన తెలుగువాళ్ళలో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి, విద్యార్థులకు నేర్పుతూ వచ్చింది.

తెలుగు అన్నాను గదా, అసలు మనకు ముఖ్యమైన ఘట్టం ఇదే. బెజవాడ అంటే పుస్తకాల వూరు. కాని కంప్యూటరు వచ్చిన కొత్తలో డీటీపీ దుకాణాల్లో ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క. ఒక చోట కూర్చిన నవల మరో చోట తెరిస్తే పిచ్చి గీతలు. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రపంచ భాషలతో పాటు తెలుగు అక్షరాలకూ శాశ్వతంగా అంకెలు కేటాయించింది. అంకెలుంటే చాలదు, ఆ అంకెల్ని అక్షరాలుగా దిద్దే ఫాంట్లు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన అనే ఫాంట్లు తయారుచేసి అందరూ స్వేచ్ఛగా పంచుకోవచ్చని ఇచ్చారు. అవి డెబియన్ గిడ్డంగిలో చేరాయి. తర్వాత సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లన్నీ కలిపి తెలుగువిజయం అనే మరో పొట్లం వచ్చింది. విప్పి చూస్తే మన డెల్టావాళ్ళు ముగ్గురు కనిపిస్తారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన దివిసీమ పెద్ద మండలి వెంకట కృష్ణారావుగారి పేరుతో మండలి. నిమ్మకూరులో పుట్టిన నందమూరి పేరుతో ఎన్‌టీఆర్. ఇక కాలువ దాటి అవతల గట్టున తెనాలి రామకృష్ణ! జర్మనీలో వున్న మనమ్మాయి లినక్స్‌లో అమ్మకు ఉత్తరం రాస్తూ మండలి అక్షరాలు ఎంచుకుంటే, దివిసీమ పేరు అక్కడ మెరుస్తుంది.

అక్షరాలతో ఆగలేదు. మెనూల్లోని మాటల్నీ స్వచ్ఛందంగా కొందరు తెలుగు చేశారు. ఫైలుకు వాళ్ళు పెట్టిన మాట దస్త్రం. మన తాతలనాటి కరణాలు చంకలో పెట్టుకు తిరిగిన మాట. 1984లో కరణీకాలు రద్దయిపోయినా, ఆ మాట ఇరవై ఏళ్ళకల్లా కంప్యూటరు తెరమీద కొత్త వుద్యోగంలో చేరింది. 2011 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్‌లో, కంప్యూటరులో దాన్ని నెలకొల్పే మొదటి తెరే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది.

అయితే ఇక్కడ ఒక కిటుకుంది. సాధనం కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా అందులో కొత్త వాక్యాలు చేరతాయి. వాటినెవరూ తెలుగు చెయ్యకపోతే అవి ఇంగ్లీషులోనే వుండిపోతాయి. అలా నాలుగు కూర్పులు గడిస్తే మెనూ సగం తెలుగు, సగం ఇంగ్లీషు అయి, గోడకు సగం సున్నం వేసినట్టు కనబడుతుంది. అనువాదం ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. రోజూ వాకిట్లో ముగ్గు వేసినట్టు చెయ్యాల్సిన పని.

తెలుగు అక్షరం ఎంత పని చెయ్యగలదో 2018 ఫిబ్రవరిలో లోకం చూసింది. జ్ఞానంలోని "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోనుకు చేరితే, ఆ సందేశం తెరిచిన యాప్ కాస్తా కుప్పకూలింది. కొందరి ఫోన్లు మళ్ళీ మళ్ళీ ఆగిపోయాయి. అక్షరాల్ని తెరమీద గీసే భాగంలోని పొరపాటు అది. ఫిబ్రవరి 19న ఆపిల్ కంపెనీ దిద్దుబాటు పంపింది, సరిపోయింది. కాని చూడండి, అది మూత పెట్టిన గిన్నె. కోట్లమంది తెలుగువాళ్ళున్నా, మన అక్షరానికి వచ్చిన జబ్బును మనం వెళ్ళి దిద్దే దారి లేదు. కంపెనీ దిద్దేదాకా ఎదురు చూడాల్సిందే. ఉమ్మడి గిడ్డంగిలో అయితే వండే విధానం ఎదుటే వుంటుంది. తెలిసినవారెవరైనా దిద్ది, ఇదిగో అని పంపవచ్చు.

మరి ఉమ్మడి సొత్తులో తప్పులు జరగవా? ఎందుకు జరగవూ! 2006లో డెబియన్‌లో కంప్యూటరు తాళాలు తయారుచేసే పొట్లాన్ని చూసుకునే ఆయన, అనవసరంగా కనిపించిన రెండు వాక్యాలు కొట్టేశాడు. అతి శుభ్రంతో వచ్చిన ముప్పు. ఆ వాక్యాలే తాళాల్ని ఒకదానికొకటి పోలిక లేకుండా కలియబెట్టేవి. ఫలితంగా కోటానుకోట్ల రకాలుగా వుండాల్సిన తాళాలు ఒక్కో తరహాలో 32 వేల పైచిలుకు రకాలకు కుదించుకుపోయాయి. రెండేళ్ళు ఎవరూ గమనించలేదు. 2008 మేలో లూసియానో బెల్లో అనే డెబియన్ కార్యకర్త పట్టుకున్నాడు. దాచలేదు, లోకమంతటికీ చెప్పారు, దిద్దిన పొట్లాలతో పాటు పాడైన తాళాల జాబితాను కూడా పొట్లం కట్టి పంపారు.

అంతకన్న గుండెలు జారిపోయే కథ 2024 మార్చిది. ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న పొట్లం. ఫైళ్ళను నొక్కి చిన్నవి చెయ్యటం దాని పని. ఎవరూ దాని పేరు తలవరు గాని, లెక్కలేనన్ని కంప్యూటర్లు దానిమీద ఆధారపడ్డాయి. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండులో లాసె కొలిన్ అనే ఒక్క మనిషి. ఆరోగ్యం బాగాలేదు, ఇది జీతం లేని పని అని ఆయన 2022లోనే చెప్పుకున్నాడు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చి వున్నారు. ఎవరో తెలియని మరికొందరు "ఇంకా ఆలస్యమా, ఆ కొత్తవారికి అప్పగించరాదూ" అని పోరుపెట్టారు. రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, తాళాలు చేతికొచ్చాక, ఆ జియా టాన్ పొట్లంలో దొంగదారి పెట్టాడు. పనిమనిషి వేషంలో చేరి పెరటి తలుపు గడియ తీసిపెట్టటమన్నమాట!

దీన్ని పట్టింది ఏ పోలీసులూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు సిడ్ వాకిట్లో వేరే పని చేసుకుంటూ, కంప్యూటరులోకి ప్రవేశించటానికి అర సెకను ఎక్కువ పడుతోందే అని గమనించాడు. అర సెకను! అన్నం కుతకుత శబ్దంలో తేడా విని వంటింట్లోకి పరుగెత్తే చెవి అది. తవ్వి చూసి మార్చి 29న లోకానికి చెప్పాడు. పాత బియ్యం తినేవాళ్ళకు, అంటే స్థిరమైన కూర్పు వాడేవాళ్ళకు, ఆ పొట్లం ఇంకా చేరలేదు. ఇంటింటా నిల్వచేసిన ఓర్పు కాపాడింది.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో మనకేం జరిగిందో బెజవాడవాళ్ళకు చెప్పక్కర్లేదు. బుడమేరు గట్టుకు మూడుచోట్ల గండిపడి సింగ్ నగర్ నీళ్ళపాలయింది. ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువు దిమ్మెలు విరిగితే, కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో కొద్దిరోజుల్లోనే కొత్తవి అమర్చారు. 1952లో పాత ఆనకట్ట తెగితేనే గదా 1957 నాటికి ఈ బ్యారేజి వచ్చింది. కట్టడం ఎంత గట్టిదైనా, దాన్ని ఏటేటా చూసుకోకపోతే నది వూరుకోదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, షట్టర్లకు నూనె పెడతారు. అర్ధరాత్రి వానలో లాంతరు పట్టుకుని వెళ్ళి తూము దించిన లస్కరు వుంటాడు. కాటన్ దొరకు విగ్రహాలున్నాయి. ప్రకాశం పంతులుగారి పేరు బ్యారేజికి వుంది. ఆ లస్కరు పేరు ఏ శిలాఫలకంమీదా వుండదు.

చరిత్ర పుస్తకాల అలవాటే అంత. కనిపెట్టినవారి పేర్లు రాస్తాయి గాని, కనిపెట్టుకుని వున్నవారి పేర్లు రాయవు. ఇంట్లోనూ అంతే కాదూ? ఇల్లు కట్టించిన మామగారి పేరు గుమ్మంమీద వుంటుంది. నలభై ఏళ్ళు ఆ ఇంటికి చెద పట్టకుండా, కొట్టుగది ఖాళీ కాకుండా చూసినావిడ పేరు ఎక్కడ? ఆ పని జరిగినన్నాళ్ళూ ఎవరికీ కనపడదు. ఆగిన రోజునే కనపడుతుంది.

అందుకే నాకు ఈ పొట్లాల చరిత్రలో అన్నిటికన్న నచ్చినది ఆ చీటీ. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను, చూశారూ? డెబియన్ పొట్లంమీద అంటించే చీటీలో కొన్ని గడులు ఖాళీగా వదలవచ్చు గాని, ఒకటి మాత్రం తప్పనిసరి: దీన్ని చూసుకునేవారెవరు అన్నది. మొదట ఆ సాధనాన్ని రాసినవారి పేరు లోపల హక్కుల కాగితంలో భద్రంగానే వుంటుంది. పైచీటీమీద మాత్రం పోషకుల పేరు. చూసుకునేవారు అలిసిపోతే, పెళ్ళిళ్ళూ పిల్లలూ వుద్యోగాలూ అడ్డొచ్చి ఇక చేతకాదంటే, ఆ పొట్లాన్ని అనాథ అని ప్రకటిస్తారు. అది వాళ్ళ పారిభాషిక పదమే, నా కవిత్వం కాదు. అప్పుడు ఒక బృందం దానికి తాత్కాలికంగా అండగా నిలబడి, దత్తత కావాలని జాబితాలో పెడుతుంది. ఎవరైనా రావచ్చు. ఆడవాళ్ళు తక్కువగా వస్తున్నారని 2004లో డెబియన్ వుమెన్ అని ప్రత్యేకంగా ఒక పథకమే మొదలుపెట్టారు.

కాబట్టి ఈసారి కంప్యూటరు తెరమీద "కొత్త సరుకు వచ్చింది, తెచ్చుకోనా?" అన్న కబురు కనిపిస్తే, తర్వాత తర్వాత అని తోసెయ్యకండి. ఎక్కడో ఎవరో రాత్రి నిద్ర మానుకుని ఒక గండి పూడ్చి ఆ కబురు పంపారు. ముఖ్యమైన కాగితాలకు నకలు తీసిపెట్టుకుని, సరేననండి. ఇక ఇంట్లో కంప్యూటరు చదివే ఆడపిల్ల వుంటే, తెలుగు పొట్లాల చీటీలమీద ఎవరి పేర్లున్నాయో ఒకసారి చూసి చెప్పమనండి. ఆ గడిలో మన డెల్టా పిల్ల పేరు ఒకటి చేరితే, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టినంత భద్రంగా తెలుగును చూసుకోగలదు.